ఓలీబొలెన్ ఇంట్లో వేయడం: పాల కొలత, పిండి పొంగు, నూనె వేడి గురించి తెలిసినవాళ్ళు చెప్పండి

కృష్ణాతీరం_ఆమ్‌స్టెల్‌వేన్:

అందరికీ నమస్కారం. డిసెంబర్ 31 సాయంత్రం మా మెట్ల వరసలో ఉన్న ఇళ్ళవాళ్ళందరం ఒకచోట కూడుతున్నాం. డచ్ కుటుంబాలే ఎక్కువ. ఓలీబొలెన్ వేసే పని మేం తీసుకున్నాం. అవి ఇక్కడ నెదర్లాండ్స్‌లో ఏడాది చివర నూనెలో వేయించుకునే పొంగిన ఈస్ట్ పిండి ఉండలు. పెద్దలూ పిల్లలూ కలిపి ఇరవై మంది దాకా ఉంటారు. సూపర్ మార్కెట్లో దొరికే రెడీ మిక్స్ వద్దు, మైదా, ఈస్టులతోనే చేయాలని ఉంది.

నెట్‌లో చూస్తే ఒక కొలతకీ ఇంకో కొలతకీ పొంతన లేదు. అరకిలో మైదాకి ఒకరు 350 మిల్లీలీటర్ల పాలంటారు, ఇంకొకరు 550 అంటారు. ఏది సరైనది? అరకిలోకి ఎన్ని వస్తాయి? పైన నల్లబడి లోపల పచ్చిగా ఉండిపోయిందని చాలామంది రాస్తున్నారు, ఆ తప్పు నూనెదా, పిండిదా? వచ్చేవాళ్ళలో ఇద్దరు గుడ్డు తినరు. గుడ్డు మానేస్తే ఏం పోతుంది? మధ్యాహ్నమే వేసి పెట్టుకుంటే రాత్రికి బాగుంటాయా?

ఇంట్లో రెండున్నర లీటర్ల ఎలక్ట్రిక్ ఫ్రయర్ ఉంది, లోతైన ఇనప మూకుడూ ఉంది. ఆపిల్ చక్రాలు వేసే పద్ధతి కూడా ఎవరైనా చెబితే సంతోషం.

పులిసిన_పిండి:

ముందు కొలతలు చెబుతాను. మైదా 500 గ్రాములు, పాలు 450 మిల్లీలీటర్లు, గుడ్డు ఒకటి, పంచదార 30 గ్రాములు, ఉప్పు 8 గ్రాములు, కరిగించిన వెన్న 30 గ్రాములు, ఇన్‌స్టంట్ ఈస్ట్ 7 గ్రాములు (ఇక్కడ దొరికే చిన్న పొట్లం ఒకటి). తాజా ఈస్ట్ అయితే 21 గ్రాములు. కిస్‌మిస్ 125, క్రెంటెన్ అనే చిన్న నల్ల ఎండుద్రాక్ష 75, పుల్లటి ఆపిల్ ఒకటి, సగం నిమ్మకాయ పైతొక్క తురుము. తురిమేటప్పుడు పసుపు రంగు పొర వరకే, కింది తెలుపు చేదు. వీటికి ఒక్కోటి అరవై గ్రాముల లెక్కన 22 నుంచి 24 దాకా వస్తాయి.

350 అని రాసినవాళ్ళు రెండు మూడు గుడ్లు వేసి ఉంటారు, లేదా గట్టి పిండి చేసి ఉంటారు. 550 మరీ ఎక్కువ, నూనెలో పడగానే పాకి చదునైపోతుంది. మైదా ఏ రకమో దాన్నిబట్టి కూడా ఇరవై ముప్ఫై మిల్లీలీటర్లు అటూఇటూ అవుతుంది. అందుకని 420 పోసి కలిపి, మిగతాది చూసుకుంటూ పోయండి. చూడాల్సింది ఇది: మైసూర్ బోండా పిండి ఎంత జారుగా ఉంటుందో అంత. గరిటెతో ఎత్తితే ధార కట్టకూడదు, అలాగని గరిటెకి పట్టుకుని వేలాడిపోకూడదు. ముద్దగా, బరువుగా, వెనక తోక లాగుతూ జారాలి.

టార్వెబ్లూమ్ అని ఉండే మామూలు గోధుమ మైదా చాలు. పాటెంట్‌బ్లూమ్ అనే ఇంకా సన్నటి మైదా అయితే లోపల ఇంకాస్త మెత్తగా వస్తుంది. జెల్ఫ్‌రైజెండ్ అని రాసి ఉన్నది కొనకండి, అందులో బేకింగ్ పౌడర్ ముందే కలిపి ఉంటుంది.

పాలు గోరువెచ్చగా, 35 నుంచి 38 డిగ్రీల మధ్య ఉండాలి. వేలు ముంచితే వేడీ తెలియకూడదు, చల్లదనమూ తెలియకూడదు. 50 దాటితే ఈస్ట్ దెబ్బతింటుంది, ఆ తరువాత ఎంతసేపు ఉంచినా పిండి లేవదు. ఫ్రిజ్‌లోంచి తీసిన గుడ్డు, చల్లటి పాలు నేరుగా వేస్తే ఈస్ట్ బతికే ఉంటుంది కానీ గంటలో లేవాల్సింది రెండు గంటలకి లేస్తుంది. చాలామంది అక్కడే ఓపిక పోయి, సగం పొంగిన పిండిని నూనెలో వేసేస్తారు. లోపల పచ్చిగా, బరువుగా ఉండే ఉండలు ఎక్కువగా వచ్చేది ఇందువల్లే. పిండి గుల్లబారకపోతే వేడి నడిమధ్యకి చేరడానికి చాలా సమయం పడుతుంది, ఈలోగా పైపొర మాడుతుంది. అందరూ నూనెని తిడతారు గానీ సగం కేసుల్లో తప్పు పిండి గిన్నెలోనే జరిగి ఉంటుంది.

కలిపే విధానం: పెద్ద గిన్నెలో మైదా, పంచదార, ఈస్ట్ కలపండి. మధ్యలో గుంట చేసి పాలలో మూడు వంతులు, గుడ్డు వేసి నడిమినుంచి బయటికి కలుపుతూ రండి, ఉండలు కట్టదు. తరువాత మిగతా పాలు, వెన్న, చివర్న ఉప్పు. ఇప్పుడు చెక్క గరిటెతో అయితే ఐదారు నిమిషాలు, మిక్సర్ కొక్కేలతో అయితే నాలుగు నిమిషాలు గట్టిగా బాదాలి. ఈ మెట్టు ఎగ్గొట్టకండి. కేకు పిండిలా తేలికగా తిప్పి వదిలేస్తే జిగురు పట్టదు, జిగురు లేకపోతే ఈస్ట్ వదిలే గాలిని పిండి పట్టి ఉంచలేదు. గరిటె ఎత్తినప్పుడు పిండి సాగుతూ గిన్నె అంచునుంచి పొరలా ఊడి వస్తుంటే సరిపోయినట్టు.

కిస్‌మిస్ సంగతి. గోరువెచ్చటి నీళ్ళలో ఇరవై నిమిషాలు నానబెట్టి, జల్లెడలో వార్చి, గుడ్డ మీద పరిచి అరగంట ఆరనివ్వండి. నానబెట్టకపోతే పిండిలో తడి లాగేసుకుంటాయి, పైకి తేలినవి నూనెలో మాడి చేదెక్కుతాయి. నానబెట్టి ఆరబెట్టకపోతే ఇంకా చిక్కు: ఒక్కో కిస్‌మిస్ చుట్టూ పచ్చి పిండి గూడు కట్టుకుంటుంది. వేసేముందు ఒక చెంచా మైదా చల్లి కలిపితే అడుక్కి దిగవు. ఆపిల్ ముక్కలు అరసెంటీమీటరు కన్నా పెద్దవి వద్దు, పేపర్‌తో అద్ది మరీ వేయండి. ఇవన్నీ పొంగకముందే కలిపేయాలి. పొంగిన తరువాత కలిపితే కష్టపడి నింపిన గాలంతా పోతుంది.

దాల్చినచెక్క పొడి పిండిలో వేయాలనిపిస్తే అర చెంచాతో ఆపండి. ఎక్కువైతే ఈస్ట్‌ను మందగింపజేస్తుంది. పంచదార కూడా 50 గ్రాములు దాటొద్దు. తీపి పైన చల్లే పొడిలో ఉంటుంది. పిండిలో తీపి పెరిగినకొద్దీ పైపొర తొందరగా నల్లబడుతుంది.

గిన్నె మీద తడి గుడ్డ కప్పి వెచ్చటి చోట ఉంచండి. డిసెంబర్‌లో ఇక్కడి వంటిళ్ళు 19, 20 డిగ్రీల్లో ఉంటాయి, గంటన్నర పడుతుంది. ఓవెన్‌లో దీపం మాత్రం వేసి లోపల పెడితే గంట చాలు. రెట్టింపై, పైన బుడగలు కనిపించాలి. అక్కడితో ఆపండి. ఇంకా వదిలేస్తే నడిమధ్య కుంగుతుంది, పుల్లటి వాసన వస్తుంది. అలాంటి పిండితో వేసినవి నూనె బాగా తాగుతాయి.

మూకుడు_మాస్టారు:

పిండి గురించి పైవారు చెప్పింది అక్షరాలా నిజం. నేను నూనె దగ్గరికి వస్తాను.

కృష్ణాతీరం గారూ, మీ ఫ్రయరే వాడండి, థర్మోస్టాట్ ఉంటుంది కాబట్టి. ఒక్కటి మాత్రం గుర్తుంచుకోండి: జాలీ బుట్ట తీసేయాలి. జారుగా ఉన్న పిండి బుట్ట అడుగుకి దిగి జాలీకి అంటుకుంటే గీకితే గానీ రాదు. మూకుడే వాడాలనుకుంటే వంటకి పనికొచ్చే థర్మామీటర్ కొనండి, పదిహేను ఇరవై యూరోలకి వస్తుంది. ఇనప మూకుడు వేడిని బాగా పట్టి ఉంచుతుంది, కానీ ఒకసారి హద్దు దాటితే దించడం కష్టం.

నూనె రిఫైన్డ్ సన్‌ఫ్లవర్ లేదా రిఫైన్డ్ వేరుశనగ. ఎక్స్‌ట్రా వర్జిన్ ఆలివ్ ఆయిల్, వెన్న ఈ పనికి రావు. ఉండ తేలడానికి లోతు కావాలి, కనీసం ఏడెనిమిది సెంటీమీటర్లు. పాత్రలో సగం దాకానే పోయండి. ఫ్రయర్‌కి గీత ఉంటుంది, అది దాటొద్దు.

వేడి 180 డిగ్రీలు. పిండి పడగానే పది పదిహేను డిగ్రీలు పడిపోతుంది, రెండు నిమిషాల్లో తిరిగి లేవాలి. లేవడం లేదంటే ఒక్క వాయికి ఎక్కువ వేశారన్నమాట. రెండున్నర లీటర్లకి ఐదు, మహా అయితే ఆరు. నూనె 160కి పడిపోయి అక్కడే ఉంటే పైపొర గట్టిపడేలోగా పిండి నూనె పీల్చేస్తుంది, పట్టుకుంటే వేళ్ళు జిడ్డవుతాయి. 190 దాటితే రెండు నిమిషాల్లో ముదురు గోధుమ రంగు, లోపల పిండి పిండే. థర్మామీటర్ లేనివాళ్ళు రెండు సెంటీమీటర్ల బ్రెడ్ ముక్క వేసి చూడండి. ఒక నిమిషం లోపు దోరగా వేగితే సరైన కాక. పది సెకన్లలో రంగు తిరిగితే స్టవ్ ఆపి చల్లారనివ్వాలి.

వేయడానికి ఐస్‌క్రీమ్ స్కూప్‌ను మించింది లేదు, పిడి నొక్కితే ముద్దను తోసేసే రకం. ప్రతిసారీ దాన్ని ముందు వేడి నూనెలో ముంచండి, పిండి అంటుకోదు. గిన్నెలో పిండిని పక్కనుంచి తీసుకోవాలి, నడిమధ్య కెలకకూడదు. గరిటె పెట్టి ఒక్కసారి తిప్పినా పొంగు దిగిపోతుంది. నూనెకి దగ్గరగా వంచి వదలండి. రెండు చెంచాలతోనూ వేయొచ్చు, అయితే తోకలు వస్తాయి, ఆ తోకలు ముందు మాడతాయి. తోకలు మరీ ఎక్కువగా వస్తున్నాయంటే పిండి గట్టిగా ఉన్నట్టు.

ఇప్పుడు దగ్గరుండి చూడండి. పిండి సరిగ్గా పొంగి ఉంటే ఉండ ముందు మునిగి, రెండు మూడు సెకన్లలో పైకి వస్తుంది. నూనెలో ఉన్న సగం ఉబ్బి తేలికవుతుంది, పైన తడిగా ఉన్న సగం బరువుగా ఉంటుంది. రెండు నిమిషాలు దాటాక చాలావరకు తమంతట తామే బోర్లా పడతాయి. ఆ తిరిగేచోట నడుం చుట్టూ లేత రంగు పట్టీ ఒకటి మిగులుతుంది, అది మంచి గుర్తు. తిరగనివాటిని పుల్లతో నెట్టండి. మొత్తం ఐదారు నిమిషాలు. మొదటి వాయిలో ఒకదాన్ని విరిచి చూడాల్సిందే. పుల్ల గుచ్చితే తడి పిండి అంటకుండా రావాలి, కానీ ఆపిల్ ముక్క తగిలితే తడిగానే వస్తుంది కాబట్టి రెండు చోట్ల గుచ్చండి. లోపలి వేడి కొలిచే సూది ఉంటే నడిమధ్య 93 డిగ్రీలు దాటితే ఉడికినట్టే.

చిల్లుల గరిటెతో తీసి, గరిటెను గిన్నె అంచుకి ఆనించి నూనె ఓడ్చి, ఇనప జాలీ మీద వేయండి. కింద పేపర్ ఉంచండి. నేరుగా పేపర్ మీద గుట్టగా పోస్తే అడుగువి చెమట పట్టి మెత్తబడతాయి. వేడిగా ఉన్నప్పుడు మూత అసలు పెట్టొద్దు. ప్రతి వాయికీ మధ్య నూనెలో రాలిన కిస్‌మిస్, పిండి తునకలు తీసేయాలి. అవి మాడి తరువాతి వాయికి చేదు పట్టిస్తాయి.

కృష్ణాతీరం_ఆమ్‌స్టెల్‌వేన్:

పులిసిన పిండి గారికీ, మాస్టారికీ ధన్యవాదాలు. ఇరవై మందికి తలా మూడు అనుకుంటే అరవై దాకా కావాలి. అంటే కిలోన్నర మైదా ఒకేసారి కలిపేయవచ్చా?

పులిసిన_పిండి:

ఒకేసారి వద్దండి. లెక్క చూడండి: అరకిలో పిండికి నాలుగు వాయిలు, ఒక్కోటి ఆరు నిమిషాలు, మధ్యలో నూనె మళ్ళీ కాగడానికి రెండు మూడు నిమిషాలు. దాదాపు 35 నిమిషాలు. కిలోన్నర పిండి మొత్తం అయ్యేసరికి గంటా నలభై ఐదు నిమిషాలు దాటుతుంది. అప్పటిదాకా గిన్నెలో పిండి పులుస్తూనే ఉంటుంది, ఆఖరి వాయిలు కుంగి నూనె తాగుతాయి.

అరకిలో చొప్పున మూడు గిన్నెలు పెట్టుకుని, 35 నిమిషాల తేడాతో ఒకదాని తరువాత ఒకటి కలపండి. పొడి సరుకు మూడింటికీ ముందే తూచి పెట్టుకుంటే పని తేలిక. నాలుగు గంటలకి వేయడం మొదలవ్వాలంటే మొదటి గిన్నె రెండున్నరకి, రెండోది మూడూ అయిదుకి, మూడోది మూడూ నలభైకి.

ముందురోజు రాత్రే కలిపి ఫ్రిజ్‌లో పెట్టడం ఇంకో దారి. అప్పుడు అరకిలోకి ఈస్ట్ 3 గ్రాములకి తగ్గించి, వేయడానికి గంటన్నర ముందు బయట పెట్టాలి. రుచి ఇంకా లోతుగా వస్తుంది. చల్లటి పిండిని అలాగే వేస్తే మాత్రం నూనె వేడి ఒక్కసారిగా పడిపోతుంది.

శాకాహారి_డెన్‌హాగ్:

గుడ్డు లేకుండా వేయడం గురించి: భయపడాల్సింది ఏమీ లేదు. ఒక గుడ్డు స్థానంలో 40 మిల్లీలీటర్ల పాలు, 10 గ్రాముల వెన్న అదనంగా వేయండి. పొంగించేది ఈస్ట్, గుడ్డు కాదు. రంగు కాస్త లేతగా వస్తుంది, లోపల కొంచెం సాగుతుంది, మర్నాటికి త్వరగా గట్టిపడుతుంది. వేడివేడిగా తినేవాళ్ళు తేడా పట్టుకోవడం కష్టం. కాబట్టి రెండు రకాలు చేసి ఏది ఎవరిదో గుర్తుపెట్టుకునే బదులు మూడు గిన్నెలూ గుడ్డు లేకుండానే కలిపేయమని నా సలహా. పైగా ఒకే నూనెలో రెండూ వేస్తే కొందరు ఒప్పుకోరు.

అరటిపండు గుజ్జు, పెరుగు వేయమనేవాళ్ళు ఉన్నారు. అరటిపండు వద్దు, దాని తీపికి పైన తొందరగా నల్లబడుతుంది, వాసన కూడా మారిపోతుంది. పెరుగు రెండు చెంచాలు వేస్తే నష్టం లేదు.

బయట బండ్ల దగ్గర కొనే శాకాహారులకి ఒక మాట. అక్టోబర్, నవంబర్ నుంచి ఊళ్ళ చౌరస్తాల్లో కనిపించే ఓలీబొలెన్ బండ్లలో పిండికి గుడ్డు, పాలు సాధారణం. వేయించేది ఎక్కువగా మొక్కల నూనెలోనే. కానీ ఈ దేశంలో ఫ్రైస్ దుకాణాలు కొన్ని పశువుల కొవ్వు వాడతాయి. అలాంటిచోట ఓలీబొలెన్ కూడా అమ్ముతుంటే అడిగి తెలుసుకుని కొనండి.

మూకుడు_మాస్టారు:

డెన్‌హాగ్ వారితో ఒక్క విషయంలో విభేదిస్తాను. గుడ్డు తినేవాళ్ళే ఎక్కువమంది ఉన్నచోట కనీసం రెండు గిన్నెలకి గుడ్డు వేయాలి. గుడ్డు ఉంటే లోపలి గుజ్జు మెత్తగా విడుతుంది, రాత్రి పన్నెండు దాకా ఆ మెత్తదనం నిలుస్తుంది. గుడ్డు లేని గిన్నెను మొదట, శుభ్రమైన నూనెలో వేసేసి విడిగా తీసిపెట్టండి. తరువాత గుడ్డు కలిపినవి వేయండి. ఎవరికీ ఇబ్బంది ఉండదు.

సగం పాల బదులు బీరు పోసే పద్ధతీ ఉంది. పైపొర పలుచగా, కరకరలాడుతూ వస్తుంది. కానీ వేయించినంత మాత్రాన ఆల్కహాల్ పూర్తిగా పోదు. పిల్లలూ, అసలు తాగనివాళ్ళూ ఉన్న బంతికి వద్దు. ఆ కరకర కావాలంటే పాలలో పావు వంతు తీసి సోడా నీళ్ళు పోయండి, కొంతవరకు వస్తుంది.

ఉత్రెక్త్_అక్క:

ఆపిల్ చక్రాల సంగతి నేను చెబుతాను. వీటిని ఆపెల్‌బెన్యే అంటారు, చాలా ఇళ్ళలో ఆపెల్‌ఫ్లాప్ అని కూడా అనేస్తారు. పొరల పిండిలో చుట్టి ఓవెన్‌లో కాల్చే త్రికోణాలకీ ఇదే పేరు, కాబట్టి వంటకం వెతికేటప్పుడు ఏదో చూసుకోండి.

ఆపిల్ గౌడ్రెనెట్ అయితే శ్రేష్ఠం. పుల్లగా, గట్టిగా ఉంటుంది, వేగినా ఆకారం పోదు. దొరక్కపోతే ఎల్‌స్టార్, జొనాగోల్డ్. గింజల భాగం గొట్టంతో తీసి, తొక్క చెక్కి, ఒక సెంటీమీటరు మందంతో చక్రాలు కోయండి. పలుచగా కోస్తే కరిగిపోతాయి, మందంగా కోస్తే నడుమ పచ్చిగా ఉంటాయి.

పూత పిండికి మైదా 200 గ్రాములు, పాలు 220 మిల్లీలీటర్లు, గుడ్డు ఒకటి, బేకింగ్ పౌడర్ ఒక చెంచా, చిటికెడు ఉప్పు. ఉండలు లేకుండా కలిపి ఇరవై నిమిషాలు పక్కన పెట్టండి. చెంచా వెనకవైపు మందపాటి పొర కట్టాలి. ఇది ఈస్ట్ లేని పిండి, పొంగే దాకా ఆగనక్కర్లేదు. నాలుగు ఆపిల్స్‌కి సరిపోతుంది.

అందరూ జారిపడేది ఒక్కచోటే: చక్రాల మీద ముందుగా దాల్చినచెక్క పంచదార చల్లి పెట్టేస్తారు. పంచదార ఆపిల్‌లోంచి నీరు లాగుతుంది, ఆ తడి మీద పూత నిలవదు, నూనెలో పొర ఒకవైపు, ఆపిల్ ఒకవైపు. చక్రాలను గుడ్డతో అద్ది, పొడి మైదాలో దొర్లించి, దులిపి, పూతలో ముంచి వేయండి. 180 డిగ్రీల్లో ఒక్కో వైపు రెండేసి నిమిషాలు. దాల్చినచెక్క పంచదార తీసిన తరువాత, ఇంకా వేడిగా ఉండగా అద్దాలి. 100 గ్రాముల పంచదారకి రెండు చెంచాల పొడి.

ముందు ఓలీబొలెన్ వేయించి, వీటిని ఆఖర్న వేయండి. ఆపిల్ నీరు, పూత తునకలు నూనెని తొందరగా పాడుచేస్తాయి.

మీ ఇరుగుపొరుగు వాళ్ళతో మాట కలపడానికి ఒకటి రెండు విషయాలు. దోర్‌ద్రెఖ్త్ నగరం మ్యూజియంలో ఆల్‌బెర్ట్ కైప్ వేసినట్టు చెప్పే 1652 ప్రాంతపు బొమ్మ ఒకటి ఉంది, అందులో పనిపిల్ల ఒడిలో గిన్నె నిండా ఇవే. అంత పాత వంట ఇది. ఈ కాలానికి వస్తే అల్గెమేన్ దాఖ్‌బ్లాద్ పత్రిక 1993 నుంచి 2017 దాకా ఏటా దేశమంతా తిరిగి బండ్లకీ బేకరీలకీ మార్కులు వేసేది. ఆ జాబితా కోసం జనం ఎదురుచూసేవారు. క్రోనింగెన్ వైపు నుంచి వచ్చిన కుటుంబం ఎవరైనా ఉంటే క్నీపెర్చెస్ తెస్తారేమో అడగండి. ఇనప పెనాల మధ్య నొక్కి కాల్చే పలుచటి తీపి రేకులు. పాత సంవత్సరంలో చదునుగా తింటారు, కొత్త సంవత్సరం వచ్చాక చుట్టలు చుట్టి మీగడ నింపుతారు. చదునుగా ఉన్నది అంతా తెరుచుకుని చూసేసిన ఏడాది అనీ, చుట్టలో ఉన్నది ఇంకా ఏమిటో తెలియని ఏడాది అనీ వాళ్ళ లెక్క.

కూకట్‌పల్లి_వంటిల్లు:

నెదర్లాండ్స్‌లో ఉండి వచ్చిన బంధువుల కోసం ఇక్కడ హైదరాబాద్‌లో వేయాలి. ఇక్కడి సరుకుతో ఏం మార్చుకోవాలి?

పులిసిన_పిండి:

పెద్దగా ఏమీ లేదండి. డిసెంబర్ పగటిపూట మీ వంటిల్లు 26, 27 డిగ్రీల్లో ఉంటుంది, పిండి 45 నుంచి 50 నిమిషాల్లో రెట్టింపవుతుంది. గడియారం చూడకుండా గిన్నె చూడండి. పాలు వేడి చేయకుండా గది వేడికి వస్తే చాలు. మన మైదా ఒక్కో బ్రాండ్ ఒక్కోలా నీరు తాగుతుంది, కాబట్టి 400తో మొదలుపెట్టి పెంచుకోండి. ఈస్ట్ పాతదేమో అన్న అనుమానం ఉంటే అర కప్పు గోరువెచ్చటి నీళ్ళలో ఒక చెంచా పంచదార, ఒక చెంచా ఈస్ట్ వేసి పది నిమిషాలు చూడండి. నురుగు కట్టకపోతే పారేయండి. వర్షాకాలంలో తెరిచి బయట ఉంచిన పొట్లాలు ఎక్కువగా చచ్చిపోయి ఉంటాయి.

క్రెంటెన్ బదులు నల్ల కిస్‌మిస్ రెండు ముక్కలుగా కోసి వేయండి. పుల్లటి ఆపిల్ కావాలంటే ఆకుపచ్చ ఆపిల్ తీసుకోండి, ఎర్రవి తియ్యగా, పిండిపిండిగా ఉంటాయి. గానుగ వేరుశనగ నూనె వద్దు, దాని వాసన అన్నిటినీ మింగేస్తుంది, రిఫైన్డ్ వాడండి.

పంచదార పొడి గురించి. మిక్సీలో పట్టిన వట్టి పంచదార పొడి ఐదు నిమిషాల్లో కరిగి జిగటైపోతుంది. 100 గ్రాములకి ఒక చెంచా కార్న్‌ఫ్లోర్ కలిపి పట్టి, జల్లెడతో చల్లండి. ఇక్కడ పూడర్‌సౌకర్ పేరుతో దొరికే పంచదార పొడి మెత్తగా పట్టి ఉంటుంది కాబట్టి ఆ బాధ తక్కువ, అయినా పళ్ళెంలో పెట్టి అందించే ముందే చల్లాలి. దాచిపెట్టేవాటి మీద అసలు చల్లొద్దు.

మూకుడు_మాస్టారు:

మధ్యాహ్నం వేసి రాత్రికి దాచడం గురించి కృష్ణాతీరం గారు అడిగింది మిగిలిపోయింది. నిక్షేపంగా దాచొచ్చు. పూర్తిగా చల్లారాక మూత వదులుగా పెట్టి బయటే ఉంచండి. ఫ్రిజ్‌లో పెడితే తొందరగా ఎండి గట్టిపడతాయి. తినే ముందు 160 డిగ్రీల ఓవెన్‌లో ఆరేడు నిమిషాలు, ఎయిర్‌ఫ్రయర్ అయితే మూడు నాలుగు. పైపొర మళ్ళీ కరకరలాడుతుంది. మైక్రోవేవ్‌లో పెడితే మెత్తబడి, చల్లారాక తోలులా సాగుతాయి. మిగిలినవి పంచదార లేకుండా సంచిలో కట్టి ఫ్రీజర్‌లో ఉంచితే నెల దాకా బాగుంటాయి.

ఇక జాగ్రత్తలు. ఫ్రయర్‌ను బాల్కనీలో పెట్టుకునేవాళ్ళు, చుట్ట తీగ (ఎక్స్‌టెన్షన్ కేబుల్ రీల్) వాడుతుంటే మొత్తం విప్పి పరవండి. ఫ్రయర్ దాదాపు 2000 వాట్లు లాగుతుంది, చుట్టి ఉన్న తీగ వేడెక్కి కరుగుతుంది. చూరు లేని చోట అసలు వద్దు, కాగుతున్న నూనెలో వాన చినుకు పడితే చిట్లి మీద పడుతుంది. ఇంట్లో మూకుడుతో వేస్తుంటే దానికి సరిపోయే మూత చేతికందే దూరంలో ఉంచండి. నూనె అంటుకుంటే మూత పక్కనుంచి జరుపుతూ కప్పి, స్టవ్ ఆపి, చిమ్నీ ఆపేయండి. మూత మళ్ళీ తెరవొద్దు. నీళ్ళు మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ పోయకూడదు, మంట పైకప్పు దాకా లేస్తుంది. మంట ఆరకపోతే తలుపు మూసి బయటికి వచ్చి 112కి ఫోన్ చేయండి.

వాడిన నూనెను పూర్తిగా చల్లారాక గుడ్డలో వడగట్టి, పాత సీసాలోనే తిరిగి పోయండి. వాసన బాగుంటే ఇంకో రెండు మూడుసార్లు వాడుకోవచ్చు. ముదురు రంగు వచ్చి, కాచినప్పుడు నురుగు కడుతుంటే ఇక చాలించాలి. సింకులో పోయకండి, గొట్టాల్లో గడ్డకట్టి కింది ఇళ్ళకి కూడా ఇబ్బంది. చాలా సూపర్ మార్కెట్ల దగ్గర వాడిన నూనెకి పసుపురంగు డబ్బాలు ఉంటాయి, సీసాను మూతతో సహా అందులో వేసేయవచ్చు. జనవరి మొదటివారంలో అవి త్వరగా నిండిపోతాయి, నిండి ఉంటే సీసాను డబ్బా పక్కన వదిలేయకుండా వెనక్కి తెచ్చుకుని మరో రోజు వేయండి.